వీణకొక న్యాయం, బేస్ గిటార్‌కొక న్యాయమా?

సత్యనారాయణపేట ఇంట్లో ఉన్న మా చిన్నాయన బేస్ గిటార్‌కి బ్రిడ్జి మార్చాలా వద్దా అని మా ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో మూడు వారాలుగా రగడ నడుస్తా ఉంది. డల్లస్ నుంచి, బెంగళూరు నుంచి పిల్లలు కొత్త బ్రిడ్జిల ఫొటోలు పంపిస్తున్నారు. ఒకటి ఇత్తడిది, ఒకటి నల్లది, ఇంకొకటి కొత్త స్టీలు గిన్నె మాదిరి తళతళలాడేది. "ఎట్లాగూ దాన్ని బాగుచేయిద్దాం అనుకున్నాం కదా, పనిలో పనిగా ఆ తుప్పు రేకు తీసేసి మంచిది వేయిద్దాం" అన్నది వాళ్ళ మాట. వద్దన్నది మా మాట. గ్రూపులో రెండు ముక్కల్లో చెప్తే అది పెద్దవాళ్ళ మొండితనంగా వినపడింది. అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నాం.

ఇది మా ఇంటి గొడవ ఒక్కటే అయితే ఇంత రాసే పని లేదు. హోసూరులో, బరంపురంలో, షోలాపూరులో, ఖరగ్‌పూర్‌లో, సముద్రాల అవతల కూడా, స్థిరపడిన తెలుగు ఇళ్ళలో అటకల మీద ఇట్లాంటి వాద్యాలు ఉన్నాయి. ఎవరో ఒక మేనమామో, బాబాయో, తాతో ఒకప్పుడు ఆర్కెస్ట్రాలో వాయించినవి. ఇప్పుడు పిల్లలు వాటిని కిందికి దించుతున్నారు. సంతోషమే. కానీ దించినవెంటనే స్క్రూడ్రైవర్ పట్టుకుంటున్నారు. అక్కడే మా అభ్యంతరం.

ఒకే ఇల్లు, రెండు మర్యాదలు

అదే ఇంట్లో మా జేజి వీణ కూడా ఉంది. దాని గుర్రం మీది లోహపు రేకు అరిగిపోయి మందర తీగ సరిగా పలకడం లేదు. ఆ సంగతి గ్రూపులో పెట్టినప్పుడు ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. ఒక్కరు కూడా ఆన్‌లైన్‌లో గుర్రం వెతకలేదు. "తెలిసినోళ్ళకి చూపించాల, తొందరపడొద్దు" అన్నారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్ళను అడుగుదామన్నారు ఒకరు. రేకును ఆకురాయితో ఎంత రాయాలి, ఎక్కడ ఆపాలి అన్నది చెవితో చూసుకోవాల్సిన పని అని ఇంకొకరు పాఠం చెప్పారు. అంతా సరైన మాటలే.

బేస్ గిటార్ దగ్గరికొచ్చేసరికి ఆ మర్యాద ఏమైపోయింది? దానికి మాత్రం ధర చూసి, రంగు చూసి, రెండు రోజుల్లో డెలివరీ ఉందో లేదో చూసి నిర్ణయించేయొచ్చా?

ఎందుకిట్లా అంటే జవాబు మనందరికీ తెలుసు, పైకి చెప్పం అంతే. వీణ అంటే మన లెక్కలో సంస్కృతి. బేస్ గిటార్ అంటే కరెంటు సామాను. మిక్సీ, ఫ్యాను మాదిరి, పార్టు పోతే పార్టు మార్చేది. వీణ వాయించిన జేజి 'విదుషి'. బేస్ వాయించిన చిన్నాయన 'ఆర్కెస్ట్రావాడు'. ఆ చిన్నచూపు చిన్నాయన బతికున్నప్పుడు ఆయన్ని బాధపెట్టింది. ఇప్పుడు ఆయన గిటార్ మీద పడింది. మేము ఒప్పుకోనిది బ్రిడ్జి మార్పుకన్నా ముందు ఈ చూపును.

బ్రిడ్జి చేసే పని

ఈ పేజీ చదివే అందరికీ గిటార్ సంగతులు తెలియవు కాబట్టి కొంచెం చెప్తాం. వీణలో తీగల్ని మోసేదాన్ని మనం గుర్రం అంటాం. బేస్ గిటార్ బ్రిడ్జి మీద ఒక్కో తీగ కిందా ఒక చిన్న లోహపు ముక్క ఉంటుంది, దాన్ని శాడిల్ అంటారు, అంటే జీను. మనవాళ్ళు గుర్రం అన్నారు, వాళ్ళు జీను అన్నారు, మోసే బరువు మాత్రం ఒకటే.

ఆ బరువు తక్కువేమీ కాదు. పొడుగు బేస్‌లో తీగ పలికే నిడివి 34 అంగుళాలు. నాలుగు తీగల లాగుడూ కలిపితే సుమారు 70 నుంచి 80 కిలోలు ఉంటుంది. ఒక మనిషి బరువు. అంత లాగుడును పట్టుకుని నిలబడేది చెక్కలోకి దిగిన నాలుగైదు స్క్రూలు, ఒక మడతపెట్టిన ఉక్కు రేకు.

కాలిఫోర్నియాలో లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పుడు బ్రిడ్జి ఇంకా మోటుగా ఉండేది. నాలుగు తీగలకు రెండే శాడిళ్ళు, అవి కూడా మొదట్లో గట్టిగా అదిమిన ఫైబర్ ముక్కలు. రెండు తీగలు ఒకే శాడిల్ మీద కూర్చుంటే ఒకదానికి శ్రుతి సరిచేస్తే రెండోదానికి చెడుతుంది. 1957కి నాలుగు తీగలకు నాలుగు శాడిళ్ళు వచ్చాయి. 1960లో జాజ్ బేస్ వచ్చింది. ఆ తర్వాత జపాన్‌లో, ఇంకా చాలా చోట్ల చేసిన బేస్‌లు ఎక్కువగా ఆ నమూనానే పట్టుకున్నాయి. మా చిన్నాయనది అట్లాంటిదే. 1970లలో జపాన్‌లో చేసింది, జాజ్ బేస్ పోలిక. తల మీద కంపెనీ పేరు ఎప్పుడో చెరిగిపోయింది. దిగుమతి సరుకు మీద సుంకం బాదుతున్న రోజులవి. 1983లో మద్రాసు వెళ్ళి, ఒక సినిమా వాద్యకారుడి దగ్గర పాతదే కొనుక్కుని, రైల్లో ఒళ్ళో పెట్టుకుని బళ్ళారి తెచ్చాడు.

ఒక్కో శాడిల్‌కి మూడు స్క్రూలు ఉంటాయి. వెనక ఉన్న పొడుగు స్క్రూ తిప్పితే శాడిల్ ముందుకూ వెనక్కూ జరుగుతుంది. దాంతో పై మెట్ల దగ్గర శ్రుతి సరిపోతుంది. పక్కన ఉన్న రెండు సన్న స్క్రూలు తిప్పితే తీగ పైకీ కిందికీ కదులుతుంది. ఇవి కంపెనీలో ఒకసారి పెట్టి మర్చిపోయే కొలతలు కావు. వాయించేవాడు తన చెయ్యికి తగ్గట్టు, తన తీగల లావుకు తగ్గట్టు, ఏళ్ళ తరబడి సర్దుకుంటూ పోయేవి.

ఆ తుప్పు రేకు మీద రాసి ఉన్నది

ఇప్పుడు ఆ 'తుప్పు రేకు' దగ్గరికి వద్దాం. మేము మొన్న దాన్ని వెలుతురులో పెట్టి చూశాం, స్కేలు పెట్టి కొలిచాం.

లావు తీగ శాడిల్ మిగిలిన మూడింటికన్నా బాగా ఎత్తులో ఉంది. దాని అర్థం ఏమిటి? తీగ కింద చోటు కావాలంటే, వేలు బలంగా పడుతోందని. చిన్నాయన గట్టిగా కొట్టేవాడు. పెళ్ళి రిసెప్షన్లలో, వినాయక చవితి పందిళ్ళలో, ఉన్నది ఒక్క ఆంప్, దాన్లోనే కీబోర్డు కూడా దూర్చేవాళ్ళు. బేస్ వినపడాలంటే వేలితోనే వినిపించాలి. సన్న తీగ మాత్రం మెట్లకు చాలా దగ్గరగా ఉంది. పాట మధ్యలో పైకి పరిగెత్తే చిన్న చిన్న పలుకులు ఆయనకు ఇష్టం.

శాడిళ్ళ మీద మర చుట్లున్నాయి. తీగ ఏ చుట్టులో కూర్చోవాలో వాయించేవాడి ఇష్టం. రెండో తీగను ఆయన నడి చుట్టులో కాకుండా రెండు చుట్లు పక్కకు జరిపి పెట్టుకున్నాడు. ఆ వైపు ఆయన వేలికి చోటు కావాలి కాబట్టి. బ్రిడ్జి అంచున, కుడి అరచెయ్యి ఆనే చోట, పైపూత పూర్తిగా పోయి కింది లోహం కనపడుతోంది. అరచెయ్యి ఆనించి తీగ మోతను కట్టడి చేసే అలవాటు అది. కొన్నేళ్ళు చేస్తేగాని పూత అంత పోదు.

తీగల కింద, బ్రిడ్జిని ఆనుకుని, ఒక నీలం రబ్బరు ముక్క ఉంది. దాన్ని చూసి ఒక పిల్లవాడు "ఈ చెత్త మొదట తీసేయాల" అన్నాడు. అది హవాయి చెప్పు కోసి పెట్టిన ముక్క. చెత్త కాదు. తీగ మోత సాగకుండా, పొట్టిగా, గుండ్రంగా రావడానికి పెట్టుకున్నది. పాత ఫెండర్ బేస్‌లకు బ్రిడ్జి మీద మెరిసే మూత ఉండేది, దాని లోపల స్పాంజి పెట్టి కంపెనీవాళ్ళే ఈ పని చేశారు. అమెరికాలో మోటౌన్ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ తన 1962 ప్రెసిషన్ బేస్‌ను ఆ మూతతో, ఆ స్పాంజితోనే వాయించాడు. తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదని ప్రసిద్ధి. జేమర్సన్‌కి కంపెనీ స్పాంజి ఇచ్చింది. మా చిన్నాయనకు చెప్పు ముక్క దొరికింది. చెవి మాత్రం ఇద్దరిదీ ఒకే దిక్కున వెళ్ళింది.

అసలు తగాదా ఇక్కడే ఉంది. జేమర్సన్ బేస్ 1983లో, ఆయన చనిపోవడానికి కాస్త ముందు, దొంగలపాలైంది. అయినా ఆయన వాయించిన పాటలు ప్రపంచమంతా ఉన్నాయి. చిన్నాయనవి? ఇరవై ఏళ్ళు బళ్ళారి, హొసపేట, ఆదోని, గుంతకల్లు తిరిగి వాయించాడు. ఒక్క క్యాసెట్టు లేదు. ఎవరూ రికార్డు చెయ్యలేదు. పెళ్ళి వీడియోల్లో ఆర్కెస్ట్రా అర నిమిషం కనపడుతుంది, దాని మీద కూడా తర్వాత సినిమా పాట అతికించారు. ఆయన వాయించిన తీరుకు ఈ రోజు మిగిలిన సాక్ష్యం ఒక్కటే. ఆ నాలుగు శాడిళ్ళ ఎత్తు, ఆ చుట్టు, ఆ అరిగిన అంచు, ఆ చెప్పు ముక్క. బ్రిడ్జి విప్పి పక్కన పడేసిన అయిదు నిమిషాల్లో అది పోతుంది. రేకు పెట్టెలో ఉన్నా సరే, స్క్రూలు కదిలినాక కొలత పోయినట్టే.

మన ఇళ్ళకు ఇది ఇంకా పెద్ద మాట

తెలుగు నాటకానికి పెద్దగా పేరు పడ్డ ఊళ్ళలో బళ్ళారి ఒకటి. ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరస వినోదిని సభ పెట్టింది ఇక్కడే. కోలాచలం శ్రీనివాసరావు నాటకాలు రాసింది ఇక్కడే. బళ్ళారి రాఘవ పేరే ఊరి పేరుతో కలిసిపోయింది. వీళ్ళ సంగతి పుస్తకాల్లో ఉంది. మరి ఆ నాటకాల వెనక హార్మోనియం తొక్కినవాళ్ళు, తబలా కొట్టినవాళ్ళు? ఎంతమంది పేర్లు మనం చెప్పగలం? పాడినవాడు మిగిలాడు, పక్కవాద్యం పోయింది.

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజే బళ్ళారి మైసూరు రాష్ట్రంలోకి వెళ్ళింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు, మనం ఇటు. అప్పటినుంచి మన సంగతి చెప్పడం ఎవరి వంతూ కాలేదు. హైదరాబాదులో, విజయవాడలో కూర్చుని సంగీత చరిత్ర రాసేవాళ్ళకు బళ్ళారి ఆర్కెస్ట్రా కర్ణాటక సంగతి. బెంగళూరులో రాసేవాళ్ళకు అది తెలుగువాళ్ళ సంగతి. చిన్నాయన వాళ్ళ పాటల జాబితాలో సగం కన్నడం, సగం తెలుగు. ఇళయరాజా కన్నడ 'గీత' (1981) పాటలూ ఆయనవే, తెలుగు 'గీతాంజలి' (1989) పాటలూ ఆయనవే. మధ్యలో సరిహద్దు ఉందని ఆ బేస్‌కు తెలియదు. ఇళయరాజా బృందంలో బేస్ వాయించిన శశిధరన్ పలుకుల్ని రేడియోకి చెవి ఆనించి నేర్చుకున్నవాళ్ళు సరిహద్దుకు రెండు పక్కలా ఉన్నారు. వాళ్ళ కథ రాసే సంస్థ ఏదీ రాదు. రాస్తే గీస్తే ఇళ్ళవాళ్ళే రాయాలి. రాయడానికి మన దగ్గర ఉన్నది ఆ చెక్క, ఆ రేకు. దాన్ని కూడా మనమే తుడిచేస్తే ఇంక ఎవరిని అనాలి?

వాళ్ళు అన్నవి, మేము అంటున్నవి

పిల్లల వాదనల్ని తోసెయ్యడం లేదు. ఒక్కొక్కటే తీసుకుందాం.

మొదటిది: తుప్పు పట్టింది, శాడిళ్ళు కదలడం లేదు. నిజమే. బళ్ళారి గాలి పొడి గాలి, కానీ చేతి చెమట ఉప్పుదే కదా. దానికి తోడు ఇనుప ఖనిజం లారీల ఎర్ర దుమ్ము సందుల్లో దూరి గట్టిపడింది. అయితే బిగుసుకుపోయిన స్క్రూ చచ్చిన స్క్రూ కాదు. తుప్పు వదిలించే నూనె సూది మొనతో ఒక్క చుక్క వేసి రాత్రంతా ఉంచితే, మూడు నాలుగు సార్లకు చాలావరకు వదులుతుంది. నూనె చెక్క మీదికి కారకుండా కింద గుడ్డ పెట్టాలి. సరైన అలెన్ కీ వాడాలి. జపాన్ బేస్‌కి మిల్లీమీటర్ల కీ, అమెరికా బేస్‌కి అంగుళాల కీ. దగ్గరదగ్గరగా ఉంది కదా అని ఒకదానికి ఇంకొకటి పెట్టి తిప్పితే స్క్రూ తల గుండ్రమైపోతుంది. అప్పుడు నిజంగానే పనికిరాకుండా పోతుంది. చాలా పాత బ్రిడ్జిల్ని తుప్పు చంపలేదు, తప్పు కీ చంపింది.

రెండోది: బరువైన బ్రిడ్జి వేస్తే మోత ఎక్కువసేపు నిలుస్తుంది. 1970ల నుంచి ఈ మాట మీదే బరువైన బ్రిడ్జిల వ్యాపారం నడుస్తోంది. బ్రిడ్జి తక్కువ కదిలితే తీగ శక్తి తీగలోనే ఉంటుందన్న తర్కంలో కొంత నిజం ఉంది. కానీ ఎలక్ట్రిక్ బేస్‌లో మనం వినేది తీగ కదలికను పికప్ అయస్కాంతం పట్టి పంపింది. పాత తీగలు తీసి కొత్తవి వేస్తే వచ్చే తేడా ముందు, వేలు అంగుళం జరిపితే వచ్చే తేడా ముందు, బ్రిడ్జి బరువు తేడా చిన్నది. అన్నిటికన్నా ముఖ్యం, మోత నిలవకూడదని చెప్పు కోసి పెట్టుకున్న మనిషి వాద్యానికి మోత నిలిపే బ్రిడ్జి వేస్తామంటున్నారు మీరు. ఎవరి కోసం?

మూడోది: మార్కస్ మిల్లర్ మార్చలేదా? మార్చాడు. 1977 జాజ్ బేస్‌కి బ్యాడాస్ బ్రిడ్జి వేయించుకున్నాడు, లోపల ప్రీఆంప్ పెట్టించుకున్నాడు, ఆ శబ్దమే ఆయన గుర్తు అయింది. రష్ బృందం గెడ్డీ లీ కూడా తన 1972 జాజ్ బేస్‌కి అట్లాంటిదే వేశాడు. కానీ మిల్లర్ ఆ పని చేయించినప్పుడు అది పాత వాద్యం కాదు, రోజూ పొట్టకూటికి వాయిస్తున్న దాదాపు కొత్త గిటార్. తన చేతికి తన వాద్యాన్ని సర్దుకున్నాడు. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఏం చేశాడు? ఎనిమిది తీగల మాండలిన్ గమకానికి లొంగదని, జంట తీగలు వదిలేసి, అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టాడు. అది మార్పు అంటే. ఎవరో పోయినవాళ్ళ వాద్యాన్ని కోసి కాదు, తనకంటూ ఒకటి చేయించుకుని. మీకు బరువైన బ్రిడ్జి శబ్దం కావాలంటే కొత్త బేస్ కొనుక్కుని దానికి వేయించుకోండి. డబ్బు తక్కువైతే మేము కూడా వేస్తాం. ఇది మనస్ఫూర్తిగా అంటున్న మాట.

నాలుగోది, గట్టిది: నాలుగు స్క్రూలు విప్పి పెట్టేదే కదా, కావాలంటే పాతది మళ్ళీ బిగించుకోవచ్చు. ఇది పూర్తిగా నిజమైతే మా గొంతు సగం తగ్గేది. కానీ కొత్త బ్రిడ్జి బెజ్జాలు పాత బెజ్జాలతో కలుస్తాయన్న నమ్మకం లేదు, ముఖ్యంగా జపాన్ బేస్‌లతో. మా బంధువుల ఇంట్లో ఒకరు ఇట్లాగే ఒక పాత బేస్‌ను బెంగళూరులో బాగుచేసేవాడికి ఇచ్చారు. బెజ్జాలు కలవలేదు, వాడు కొత్తవి తొలిచాడు. పాత బెజ్జాల్లో అగ్గిపుల్లలు దూర్చి రంగు పూశాడు. కొత్త బ్రిడ్జి అడుగు మందంగా ఉంది కాబట్టి తీగలు లేచిపోయాయి, వాటిని దించడానికి నెక్ విప్పి కింద అట్టముక్క పెట్టాడు. పాత బ్రిడ్జి కింద ఒక సన్న వైరు ఉంటుంది, గ్రౌండ్ వైరు, అది లోహానికి తగులుతూ ఉండాలి. దాన్ని మర్చిపోయాడు. ఇంటికి తెచ్చి ఆంప్‌లో పెడితే తుమ్మెదల గూడు కదిపినట్టు ఒకటే హోరు. పాత బ్రిడ్జి ఏదయ్యా అంటే "అది స్క్రాప్ సార్" అన్నాడు. ఒక రేకు మార్చబోయి చెక్క, నెక్, వైరు, శబ్దం అన్నీ మార్చుకున్నారు. చెక్కలో తొలిచిన బెజ్జాన్ని పూడ్చవచ్చు గాని, తొలవనట్టు చెయ్యలేం.

ఇక్కడ మన వీణ చేసినవాళ్ళ తెలివి చూడండి. వీణ మెట్లను మైనంలో నిలబెట్టారు. కొన్నేళ్ళకు మైనం కుంగుతుంది, మెట్లు కదులుతాయి, మళ్ళీ మేళం కట్టించుకోవాలి. గుర్రం మీది రేకు అరుగుతుంది, మళ్ళీ రాయించుకోవాలి. మరమ్మతు తప్పదని మొదటే తెలుసు కాబట్టి, ఏ మరమ్మతు చేసినా వెనక్కి తీసుకోగలిగేట్టు చేశారు. పనస దుంగకు దెబ్బ తగలకుండా మైనం మాత్రం కరుగుతుంది. మేము బేస్‌కి అడుగుతున్నది కూడా అంతే. వెనక్కి తీసుకోగలిగిన పని చెయ్యండి, వెనక్కి తీసుకోలేనిది చెయ్యొద్దు.

పాతదనం కొనుక్కునే ఊళ్ళో

బళ్ళారి జీన్స్ సంగతి తెలియనివాళ్ళుండరు. మన ఊళ్ళో కొత్త డెనిమ్ గుడ్డను ఉతికి, రుద్ది, మోకాళ్ళ దగ్గర తెల్లబరిచి, పాతదానిలాగా చేసి అమ్ముతారు. ఎంత అరిగినట్టుంటే అంత గిరాకీ. గిటార్ కంపెనీలదీ ఇదే దారి. కొత్త బేస్‌కి కావాలనే పూత గీకి, స్క్రూలకు తుప్పు మరకలు తెప్పించి, ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. కొత్తదానికి దొంగ అరుగుదల డబ్బిచ్చి కొనే కాలంలో, మనిషి చెయ్యి నిజంగా అరగదీసిన రేకును తీసి పారేసి తళతళలాడేది తెస్తామంటే దాన్ని ఏమనాలి? పిల్లలు దాన్ని అప్‌గ్రేడ్ అంటున్నారు. మాకు మాత్రం అది జేజి పట్టుచీర ఇచ్చి స్టీలు సామాన్లు తీసుకున్నట్టుంది. ఆ బేరం మన ఇళ్ళల్లో జరిగింది కూడా. తర్వాత జరీ తలుచుకుని ఏడ్చినవాళ్ళూ ఉన్నారు.

"ఇదేమన్నా ఫెండరా, లక్షలు పలకడానికి?" అని కూడా ఒకరు అడిగారు. పలకదు. బజారులో దీనికి పెద్ద ధర రాదు. అందుకే దీని విలువ చూసుకోవాల్సింది ఇంటివాళ్ళే. పాల్ మెకార్ట్‌నీ 1961లో కొన్న హాఫ్నర్ బేస్ 1972లో దొంగతనానికి పోయి, యాభై ఏళ్ళ తర్వాత దొరికిందని 2024 ఫిబ్రవరిలో ప్రకటించారు. తయారుచేసిన కంపెనీయే చూసి అదేనని నిర్ధారించింది. దాన్ని ప్రపంచమంతా వెతికింది. చిన్నాయన బేస్ పోతే వెతికేవాళ్ళు ఈ గ్రూపులో ఉన్న పాతికమందే.

మేము అద్దాల బీరువా వాళ్ళం కాము

మమ్మల్ని ఇంకో వైపు నుంచి కూడా అపార్థం చేసుకోవద్దు. దాన్ని ముట్టుకోవద్దు, ఫొటో పక్కన వేలాడదీసి దండ వేద్దాం అనే పెద్దలు కూడా గ్రూపులో ఉన్నారు. వాళ్ళతోనూ మాకు పేచీయే. వాయించని వాద్యం చెదలకు ఇల్లు. తీగలు బిగించి ఏళ్ళ తరబడి మూలన పెడితే నెక్ వంగుతుంది. ఆ బేస్ మోగాలి. పిల్లలు వాయించాలి. అందుకు చెయ్యాల్సింది ఇది.

ఏ స్క్రూ తిప్పకముందే ఫొటోలు తియ్యండి. పైనుంచి, పక్కనుంచి, వెనకనుంచి. చివరి మెట్టు మీద ఒక్కో తీగ ఎంత ఎత్తులో ఉందో, ఒక్కో శాడిల్ వెనక అంచు నుంచి ఎంత దూరంలో ఉందో కొలిచి కాగితం మీద రాయండి. ఏ తీగ ఏ చుట్టులో ఉందో రాయండి. రబ్బరు ముక్క ఎక్కడుందో గీయండి. ఆ కాగితం గిటార్ పెట్టెలోనే పెట్టండి, ఫోన్లో కాదు. ఫోన్లు పోతాయి.

మీ ఇంట్లోది హాఫ్నర్ మాదిరి వయొలిన్ ఆకారపు బేస్ అయితే ఇంకో జాగ్రత్త. దాని చెక్క బ్రిడ్జికి స్క్రూలుండవు, తీగల ఒత్తిడికే నిలబడుతుంది. తీగలన్నీ ఒకేసారి విప్పితే బ్రిడ్జి చేతికి ఊడొస్తుంది, ఎక్కడుండేదో తెలియదు. ఒక్కో తీగే మార్చండి, లేదంటే మొదట పక్కన టేపు అంటించి గుర్తు పెట్టుకోండి.

తర్వాత శుభ్రం చెయ్యండి. మెత్తని బ్రష్షుతో దుమ్ము, చుక్క నూనెతో తుప్పు. కదిలిన స్క్రూ ఉంటే సరే. ఎంతకీ కదలకపోతే ఆ ఒక్క స్క్రూ మార్చండి. మర పోయిన శాడిల్ ఉంటే ఆ ఒక్క శాడిల్, అదే లావు, అదే రకం. రేకే చిట్లిపోయి తీగల లాగుడు ఆగకపోతే అప్పుడు బ్రిడ్జి మార్చాల్సిందే, మేమే ముందుంటాం. అది కూడా పాత బెజ్జాలకు సరిపోయేదే వెతికి, కింద గ్రౌండ్ వైరు తగిలేట్టు చూసుకుని. విప్పిన ప్రతి ముక్కా ఒక సంచిలో, పేరు, తేదీ రాసి, అదే పెట్టెలో. బాగుచేసేవాడికి ఇచ్చేముందే "పాతది మాకు తిరిగి కావాలి, కొత్త బెజ్జం పెట్టొద్దు" అని కాగితం మీద రాయించుకోండి. నోటిమాట చాలదు.

ఒక పని ఇంకా ఉంది, స్క్రూడ్రైవర్ అక్కర్లేనిది. చిన్నాయనతో కలిసి వాయించిన డ్రమ్ములాయన, పాడిన ఇద్దరు ఇంకా ఉన్నారు. బేస్ మోగేట్టు అయినాక, ఆ ఎత్తుల మీదే, ఆ చెప్పు ముక్కతోనే, వాళ్ళ ముందు ఎవరైనా వాయించి రికార్డు చెయ్యండి. ఏ పాటకు చిన్నాయన ఏం పలికించేవాడో వాళ్ళు చెప్తారు, తప్పు వాయిస్తే తిడతారు కూడా. వాళ్ళకు డెబ్భై దాటింది. కొత్త బ్రిడ్జి ఎప్పుడైనా దొరుకుతుంది, వాళ్ళు దొరకరు.

డల్లస్ పిల్లలకు మా మాట ఇదీ. మీరు వేసవికి వచ్చినప్పుడు బేస్ మీ చేతికే ఇస్తాం. లావు తీగ ఎత్తు మీ వేలికి ఇబ్బందిగా ఉంటుంది, మాకు తెలుసు. ఒక నెల అట్లాగే వాయించి చూడండి. ఆ ఎత్తుకు మీ వేలు ఎంత బలంగా పడాలో తెలిస్తే, ఆ మనిషి ఎంత బలంగా వాయించాడో తెలుస్తుంది. ఆ తర్వాత కూడా ఎత్తు దించాలనిపిస్తే దించుకోండి, కొలతలు కాగితం మీద ఉంటాయి. బ్రిడ్జి మాత్రం దాని చోట దాన్ని ఉండనివ్వండి.